బొమ్మక్క కొలత

బొమ్మక్క బల్ల ఎక్కిందంటే కుట్టుగదిలో మెషీన్లన్నీ గొంతు తగ్గించుకుంటాయని, గుండీలకి కాజాలు కుట్టే కాజాల వదిన అంటుంది. మెషీన్ల సంగతేమో గానీ, మనుషులు మాత్రం నిజంగానే తగ్గించుకునేవాళ్లు. బొమ్మక్క బల్ల మీద ఉన్నంతసేపూ కటింగ్ మాస్టరు పెదాల మధ్య గుండుసూదులుంటాయి. ఆ టైములో ఎవరైనా ఆయన్ని నవ్వించారంటే సూదులు కడుపులోకి, మాస్టరు ఆసుపత్రిలోకి, ఆ రోజు పని గాల్లోకి.

అది లావుపాటి ఆడవాళ్లకు బట్టలు కుట్టే కంపెనీ. దుకాణాలన్నీ తిరిగి, "మీ సైజు లేదండీ" అని అమ్మే పిల్ల పైనుంచి కిందకి చూస్తూ చెప్పే మాట వినీ వినీ విసిగిపోయినవాళ్ల కోసం ఇక్కడ కోట్లు, గౌన్లు, యూనిఫారాలు తయారవుతాయి. ఏ కొత్త రకమైనా ముందు బొమ్మక్క ఒంటి మీదే పుట్టాలి. మాస్టరు గుడ్డ తెచ్చి ఆమె భుజాన వేసి, చుట్టూ తిరిగి, సూదులు గుచ్చి, చాక్‌పీసుతో గీతలు గీసి, ఆ గీతల ప్రకారం అట్ట కోస్తాడు. ఆ అట్ట పెట్టి పెద్ద బల్ల మీద గుట్టలు గుట్టలుగా గుడ్డ కోస్తారు. టేపు ఎప్పుడూ ఆయన మెడలో వేలాడుతూనే ఉంటుంది. కానీ పెద్ద సైజు దగ్గరికొచ్చేసరికి దాని మీద చెయ్యి కూడా వెయ్యడు.

"టేపుదేముంది, పొడుగూ వెడల్పూ చెబుతుంది. ఇబ్బంది చెప్పాలంటే మనిషుండాలి," అంటాడు.

ఆ రోజు ఆసుపత్రి నర్సుల కోటు ఒకటి నడుస్తోంది.

"ఎక్కడ పడుతోంది?" అన్నాడు సూదుల సందులోంచి.

"చంకలో మాస్టరూ. ఈ కోటేసుకుని బస్సెక్కి పై కమ్మీ పట్టుకుందనుకో, ఆ నర్సమ్మ దిగేలోపు కుట్టు చీలిపోద్ది."

ఆయన రెండు సూదులు తీసి మళ్లీ గుచ్చాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు బానే ఉంది. కానీ కూర్చుంటే మూడో గుండీ అలుగుతోంది. చూడు, పెళ్లికి పిలవని మేనత్తలా ఎలా మొహం తిప్పుకుందో."

కాజాల వదిన కిసుక్కుమంది. మాస్టరు పెదాలు బిగబట్టుకుని, కళ్లతోనే నవ్వి, మూడో గుండీ దగ్గర గుడ్డ వదిలాడు.

అప్పుడొచ్చింది మేడమ్. ఓనరు కోడలు. ఈ మధ్యే ఆఫీసు గది ఆమె చేతికొచ్చింది. కుర్చీలు మారాయి, గోడల రంగు మారింది, మంచినీళ్ల డ్రమ్ము చోటు మూడుసార్లు మారింది. ఇప్పుడు చంకలో ఒక బరువు చూసే మెషీన్ పెట్టుకుని వచ్చింది. వెనక గుమాస్తా.

"అందరూ ఒకసారి వినండి. మనది ఆరోగ్యకరమైన కంపెనీ కావాలి. కొనేవాళ్లు ఫ్యాక్టరీ చూడ్డానికొస్తే మనమే ఇలా ఉంటే ఏం బావుంటుంది? ఈ రోజు అందరి బరువూ చూస్తాను. ఎవరి ఫోన్లో వాళ్లు ఒక క్యాలరీల యాప్ పెట్టుకోవాలి. ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం. తిన్నదల్లా అందులో కొట్టాలి. సోమవారం నాకు చూపించాలి. ఈసారి పర్మనెంట్ చేసేటప్పుడు ఎవరికి క్రమశిక్షణ ఉందో అదే చూస్తాను."

పర్మనెంట్ అన్న మాట వినగానే గదిలో తలలన్నీ పైకి లేచాయి. ఆర్డర్లు తగ్గినప్పుడల్లా టెంపరరీ వాళ్లని "మళ్లీ పిలుస్తాం" అని ఇంటికి పంపేస్తారు. బొమ్మక్కని అలా ఎన్నిసార్లు పంపారంటే, టెంపరరీ అనేది ఆమె ఇంటిపేరైపోయింది. మొగుడు గోడలకి రంగులేస్తాడు. వాన పడితే ఆయన బ్రష్షూ ఇంట్లోనే, ఆయనా ఇంట్లోనే. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో కూర్చుంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో బొమ్మక్కకి తెలుసు. పర్మనెంట్ అయితే ఇక ఆ "మళ్లీ పిలుస్తాం" ఉండదు.

బల్ల మీదనుంచే అడిగింది. "మేడమ్, నేను కూడానా?"

"నువ్వే ముందు," అంది మేడమ్. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అది కాదు మేడమ్. నా ఒళ్లే కదా ఇక్కడ నా పని. ఇది తగ్గిపోతే..."

"ఇలా సాకులు చెబుతారనే నేను ముందే అనుకున్నాను. రూల్ అందరికీ ఒకటే."

మాస్టరు గబగబా నోట్లోంచి సూదులు తియ్యడం మొదలుపెట్టాడు. ఒకటి తీసి డబ్బాలో వేశాడు. ఇంకోటి తీశాడు. తొందరలో ఒకటి పెదవికి గుచ్చుకుంది, అబ్బా అన్నాడు. ఆఖరి సూది తీసేసరికి మేడమ్ గది దాటి వెళ్లిపోయింది. ఆయన అనాల్సిన మాట కూడా సూదులతోపాటే డబ్బాలో పడిపోయింది.

ఆఫీసు గదిలో అందరూ వరసగా బరువు చూసే మెషీన్ ఎక్కితే, బొమ్మక్క దగ్గర అది చాలాసేపు ఆలోచించిందట. మధ్యలో ఒకసారి ఆరిపోయి, మళ్లీ ధైర్యం తెచ్చుకుని వెలిగిందట. ఇదీ కాజాల వదినే చెప్పింది.

ఆ సాయంత్రం బొమ్మక్క ఇంటికి ఆడపడుచు వచ్చింది. ఫోన్లు రిపేరు చేసే కొట్లో పని చేస్తుంది. ఎలాంటి ఫోనైనా ఆమె చేతిలో పడితే పుట్టింటికొచ్చినట్టు కుదుటపడుతుంది. నోరు మాత్రం ఆ కొట్లోనే సానపట్టించుకుంది.

"ఏంటి వదినా, నాజూకు అయిపోతావంట? ఇక మా అన్నయ్య నీ వెనక దాక్కోవడానికి చోటుండదు పాపం."

"నీ వెటకారం తర్వాత. ముందు మంచి యాప్ చూడు. సోమవారానికి చూపించాలి."

"మంచిదంటే? సంతలో వంకాయలు ఏరినట్టు ఏరాలి. వందున్నాయి. పుచ్చులే ఎక్కువ."

ఆడపడుచు చాప మీద కూర్చుని, ఫోన్ని మోకాలికి ఆనించి, ఒక యాప్ ఎక్కించింది. ఇది ఫోటో తీస్తే చాలట, కంచంలో ఏముందో అదే కనిపెడుతుందట. బొమ్మక్క అన్నం, కూర, ఒక గుడ్డు పెట్టుకుని కంచం ముందుకి జరిపింది. మొగుడు కూడా ఏం జరుగుతుందో చూద్దామని కంచం మీదకి వంగాడు. ఫోన్ క్లిక్కుమంది. కాసేపు గిరగిర తిరిగింది.

"ఉడికించిన గుడ్లు, రెండు," అని చదివింది ఆడపడుచు.

"ఒకటేగా ఉంది?"

ముగ్గురూ ఫోటో కేసి చూశారు. రెండోది ఆయన బట్టతల.

ఆడపడుచు నవ్వలేక చాప మీద దొర్లింది. మొగుడు తల తడుముకుని, "దాన్ని తీసెయ్ ముందు," అన్నాడు. "ఇంట్లో వాళ్ల తలకాయలు కూడా నీ ఖాతాలో రాస్తే నువ్వు జన్మలో తగ్గవు."

రెండోది మాట్లాడే యాప్. అదైతే అందరికీ నచ్చింది. గొంతు తేనె. "నమస్కారం నేస్తమా, మనిద్దరం కలిసి తేలికవుదాం," అంది. బొమ్మక్కకి ఆ "మనిద్దరం" అన్న మాట బాగా పట్టేసింది. ఇంతవరకూ ఆమెతో కలిసి ఎవరూ ఏమీ అవుతామనలేదు. అదే ఉంచమంది.

మర్నాడు ఆమె బల్ల మీద ఉంది. మాస్టరు ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని కోటు అంచు మడుస్తున్నాడు. నోటినిండా సూదులు. గదంతా నిశ్శబ్దం. బల్ల కింద చెప్పుల పక్కన పెట్టిన సంచీలోంచి తేనె గొంతు వచ్చింది. "నేస్తమా, పొద్దున్న ఆ నాలుగో రొట్టె మనకి నిజంగా అవసరమా?"

గది గోలెత్తిపోయింది. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషీన్ దగ్గరున్నామె నవ్వుతూ నవ్వుతూ ఒక చెయ్యిని కోటుకి తలకిందులుగా కుట్టేసింది. మాస్టరు ఎర్రబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, బయటికి పరిగెత్తి సూదులు లెక్క చూసుకుని వచ్చాడు.

"బొమ్మా, రేపు ఈ గదిలో అదన్నా ఉండాలి, లేదా నేనన్నా ఉండాలి," అన్నాడు.

తర్వాత కాస్త గొంతు తగ్గించి అడిగాడు. "అయినా నువ్వు నిజంగానే తగ్గుతావా ఏంటి?"

"తగ్గకపోతే పర్మనెంటు రాదంట కదా."

"తగ్గితే నా పెద్ద సైజు ఏం గాను?"

"అదే కదా నేనూ అడిగింది. మీరు చెప్పండి మాస్టరూ మేడమ్‌కి. నా మాటంటే సాకులంటారు. మీ మాట వింటారు."

మాస్టరు చెయ్యి కడుక్కుని, జుట్టు సవరించుకుని, ఆఫీసు గదిలోకి వెళ్లాడు. ఎంత వేగంగా వెళ్లాడో అంత వేగంగా తిరిగొచ్చాడు. మెడలో టేపు తీసి బల్ల మీదకి విసిరికొట్టాడు.

"ఏమన్నారు?"

"టేపుంది కదా మాస్టరూ, అంది. నాకు! ఈ కళ్లున్నాయే, ఇవి టేపు కంటే ముందు పుట్టాయి. నువ్వు తగ్గితే తగ్గు. నూలుపోగంత తేడా వచ్చినా నేను పట్టేస్తాను."

మూడో యాప్ ఆదివారం పొద్దున్న ఎక్కింది. ఇది ఫోటో తియ్యదు, మాట్లాడదు. కానీ తలుపు తీసేముందే సవాలక్ష ప్రశ్నలు. ఆడపడుచు ఒక్కొక్కటే చదువుతోంది. బొమ్మక్క కూరగాయలు తరుగుతూ జవాబులు చెబుతోంది.

"మీరు ఎందుకు తగ్గాలనుకుంటున్నారు? అందం కోసం, ఆరోగ్యం కోసం, ఆటల కోసం, పెళ్లి కోసం. పెళ్లి అని కొట్టనా వదినా? మా అన్నయ్యకి కూడా కాస్త భయముంటుంది."

"ఉద్యోగం కోసం అని లేదా?"

"లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను వదినా. ఇతరములు అనుంది."

"అదే కొట్టు."

"మీ పని ఎలాంటిది? కూర్చునేదా, నడిచేదా, బరువులు మోసేదా?"

బొమ్మక్క కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "నిలబడేది."

"అది కూడా లేదు."

"నిలబడ్డం పనేంటే," అన్నాడు మొగుడు గుమ్మంలోంచి. "నేను నిచ్చెన మీద నిలబడి రంగెయ్యట్లా? రంగెయ్యడం పని. నిలబడ్డం దేవుడిచ్చిన కాళ్లు."

"మీ చెల్లెలు చదువుతుంటే మధ్యలో మీరెందుకు? కూర్చునేది అని కొట్టవే. ఏదో ఒకటి."

కూర్చునే పని అని పడేసరికి, యాప్ ఆమెకి రోజుకి పెట్టే తిండి ఇంకాస్త తగ్గించేసింది. పొద్దుననుంచి సాయంత్రం దాకా బల్ల మీద నిలబడే మనిషికి, కుర్చీలో కూర్చుని కునికే గుమాస్తా తిండి రాసిపెట్టింది. ఆ సంగతి బొమ్మక్కకీ తెలియదు, ఆడపడుచుకీ తోచలేదు. తెర మీద ఒక గీత. తిన్నకొద్దీ ఆకుపచ్చ తరిగిపోయి ఎరుపు వస్తుంది. అంతే.

"ఇదే బావుంది," అంది బొమ్మక్క. "దీనికి నా గోల పట్టదు. నాకు దీని గోల పట్టదు."

సోమవారం మేడమ్ అందరి ఫోన్లూ చూసింది. కాజాల వదిన తెలివిగా తన ఫోన్లో మూడు పూటలా మంచినీళ్లు కొట్టింది. ఓవర్‌లాక్ ఆమె యాప్ బదులు పొరపాటున నడకల పోటీ ఆట ఎక్కించుకుంది. బొమ్మక్క ఫోన్ చూసి మేడమ్ మొహం విప్పారింది.

"చూశారా? రొట్టెకి రాసిన నూనె చెంచా కూడా రాసింది. క్రమశిక్షణ అంటే ఇదీ."

ఆ మాటకి బొమ్మక్క పొంగిపోయింది. ఆ గదిలో ఆమెని నిలబెట్టి చూడ్డమే తప్ప, చూసి మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ మెప్పు మీదే ఆమె చాలా రోజులు బతికింది. తిండి మీద మాత్రం కాదు. వాళ్లింట్లో కూర ఉడుకుతుంటే ఆమె గుమ్మం బయట నిలబడేది. వాసనకి కూడా గీత ఎర్రబడుతుందేమోనని భయం. మొగుడి కంచంలో మిగిలింది ఎప్పుడూ తనే తినేది, ఇప్పుడు పక్కింటి కుక్క తిని నున్నగా తయారైంది. "ఆ కుక్కకి కూడా యాప్ పెట్టించాలి," అనేది ఆడపడుచు. బొమ్మక్కకి నవ్వడానికి కూడా ఓపిక చాలేది కాదు. మధ్యాహ్నాలు బల్ల మీద కళ్లు తిరిగితే, కిటికీ ఊచ పట్టుకుని, గుడ్డ కదలకుండా నిలబడేది.

అన్ని వారాలూ మాస్టరు ఆమె మీద కోట్లు పుట్టిస్తూనే ఉన్నాడు.

"నడుం దగ్గర వదులుగా ఉంది మాస్టరూ."

ఆయన ఒక సూది బిగించేవాడు.

"భుజం జారుతోంది."

ఇంకో సూది.

ఆమె ఉన్నమాట చెప్పింది. ఆయన చెయ్యాల్సిన పని చేశాడు. రోజూ చూసే మనిషి రోజుకింత చొప్పున కరుగుతుంటే ఏ కళ్లకి తెలుస్తుంది? ముగ్గు గిన్నెలో పిండి తగ్గినట్టు తగ్గింది. మేడమ్ వారం వారం మెషీన్ మీద నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. ఆమె పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి గుమ్మం దగ్గర గోడకి అంటించింది. నర్సుల కోట్ల లాట్ మొత్తం పెట్టెల్లో సర్ది పంపించారు.

పెట్టెలు వెనక్కొచ్చాయి.

వ్యాను వాడు వాటిని కుట్టుగది మధ్యలో దించి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. మేడమ్ ఒక పెట్టె చింపి కోటు తీసి దులిపింది. ఆసుపత్రిలో ఒక్క నర్సుకి కూడా గుండీ పట్టలేదట. చంకల్లో కుట్లు విడిపోయాయట. పెద్ద సైజు అని చీటీ ఉంది, లోపల మాత్రం పెద్ద సైజు లేదు.

"మాస్టరూ! ఏంటిది?"

మాస్టరు కోటు తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అట్ట తెచ్చి దాని మీద పరిచాడు. అట్టకీ కోటుకీ తేడా లేదు. అప్పుడు మెడలో టేపు మొదటిసారి పెద్ద సైజు కొలవడానికి దిగింది. బొమ్మక్క చుట్టూ తిప్పి, అంకె చూసి, మళ్లీ తిప్పి చూశాడు. ఆయన మొహం ఇస్త్రీ చేసి మరిచిపోయిన గుడ్డలా అయిపోయింది.

"మీరు చూసుకోలేదా?" అంది మేడమ్.

గదిలో మెషీన్లు ఆగిపోయాయి. ఈసారి నిజంగానే.

మాస్టరు టేపు చుట్ట చుడుతూ, దాన్నే చూస్తూ అన్నాడు. "ఆమె వదులంది మేడమ్. నేను బిగించాను."

బొమ్మక్క ఆయన కేసి చూసింది. ఆయన తలెత్తలేదు. నోట్లో ఆ రోజు ఒక్క సూది కూడా లేదు.

మేడమ్ ఇటు తిరిగింది. "నీకు తెలీదా? నీ కొలత మీద ఇంత పని నడుస్తోందని తెలిసి కూడా ఇంతలా తగ్గిపోతావా?"

"మీరే కదా మేడమ్..."

"నేను ఆరోగ్యంగా ఉండమన్నాను. పని చెడగొట్టమన్నానా? తగ్గుతుంటే మాస్టరుకి చెప్పాలని ఇంగితం ఉండొద్దూ?"

"వారం వారం మీరే చప్పట్లు కొట్టించారు కదమ్మా," అంది కాజాల వదిన మెల్లగా, గుండీల డబ్బాకి చెబుతున్నట్టు.

మేడమ్ అటు చూసింది. కాజాల వదిన చటుక్కున వంగి, పడని గుండీ వెతకడం మొదలుపెట్టింది.

"శుక్రవారానికి మళ్లీ పంపుతామని ఒప్పుకున్నాను. కాలు పట్టుకున్నంత పని చేశాను ఫోన్లో. ఎలా చేస్తారో మీ ఇష్టం." మేడమ్ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆ యాప్‌లో పెరగడానికి కూడా ఏదో ఉంటుంది, చూసుకో. మళ్లీ మామూలుగా అవ్వాలి నువ్వు."

"శుక్రవారానికా మేడమ్?"

మేడమ్ గుమ్మం పక్క గోడ మీదున్న కొత్త ఫోటో కేసి చూసింది.

"మరి నా పర్మనెంటు?"

"ముందు ఈ లాట్ సంగతి తేలనీ."

ఆ రాత్రి తిండి ముందు కూర్చుని, తెచ్చుకున్నదంతా తిందామని చూసింది బొమ్మక్క. రెండో ముద్దకే కడుపు నిండిపోయింది. పొట్ట కూడా చిన్నదైపోయింది. పెద్ద సైజు వండుకోవచ్చు గానీ, ఎక్కడ పెట్టుకోవాలి?

"మానెయ్," అన్నాడు మొగుడు. "మానేసి ఇంట్లో కూర్చో."

"బయట వాన పడుతోంది, వినబడట్లేదా?" అంది. ఆయన చూరు కేసి చూశాడు.

మర్నాడు పొద్దున్నే మాస్టరు కంటే ముందొచ్చి, ఆయన బల్ల దగ్గర నిలబడింది. చేతిలో పరుపుల కొట్టు నుంచి అడిగి తెచ్చుకున్న దూది మూట, స్పాంజి ముక్కలు.

"నేను పెరిగేసరికి పుణ్యకాలం దాటిపోద్ది మాస్టరూ. ఉన్నదాని మీదే పెట్టి కుట్టండి."

ఆయన మూటని చూశాడు. ఆమెని చూళ్లేదు. "కుదురుద్దంటావా?"

"నా ఒళ్లు నాకు తెలీదా?"

గట్టి గుడ్డతో చేతుల్లేని చొక్కా ఒకటి కోసి, ఆమెకి తొడిగి, దాని మీద స్పాంజి పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె చెబుతూనే ఉంది. "పొట్ట ముందుకి కాదు, అలా పెడితే కడుపుతో ఉన్నట్టుంటుంది. నాది పక్కలకి ఉండేది. ఆ... ఇంకాస్త. వీపు మీద, ఇదిగో ఇక్కడ ఒక మడత ఉండేది. ఎడమ భుజం కుడిదాని కంటే బరువు. రొమ్ము కింద అంత గట్టిగా కూరకండి, నేనేమన్నా దిండునా? దూది పెట్టండి అక్కడ, స్పాంజి వద్దు. కూర్చుంటే కిందకి జారాలి."

మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. అన్నేళ్లు ఆ ఒంటి మీద సూదులు గుచ్చిన మనిషి, అందులో ఏముందో ఇప్పుడు మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. దూది పెట్టి కుట్టడం, విప్పడం, మళ్లీ పెట్టడం. రెండు రోజులు పట్టింది. ఆమె కూర్చుంది, వంగింది, లేని బస్సులో లేని కమ్మీ పట్టుకుంది. ఎక్కడ తన ఒళ్లు కాదనిపిస్తే అక్కడ ఆపింది. ఆఖరి కుట్టు పడ్డాక అద్దం ముందు నిలబడితే, ఎక్కడికో వెళ్లిపోయిన తోబుట్టువు తిరిగొచ్చినట్టనిపించి కళ్లు చెమర్చాయి.

"బొమ్మక్కా, వచ్చేశావా!" అని కాజాల వదిన వచ్చి చుట్టూ చేతులేసి వాటేసుకుంది. చేతులందలేదు. అందరూ నవ్వారు.

దాని మీద కోటు కొత్తగా పుట్టింది. అట్ట కొత్తగా కోశారు. శుక్రవారం పెట్టెలు వెళ్లాయి. శనివారం ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి, ఇలాంటివే ఇంకో లాట్ కావాలన్నారు. మేడమ్ స్వయంగా వచ్చి బొమ్మక్క పొట్ట మీద, అదే దూది మీద, మెత్తగా తట్టింది.

"అచ్చం నువ్వే," అంది. "తీసి ఇటివ్వు, జాగ్రత్తగా దాచాలి దీన్ని."

సోమవారం బొమ్మక్క తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. పర్మనెంట్ వాళ్ల పేర్లు చెప్పే రోజు. గదిలోకి అడుగుపెట్టి, బల్ల దగ్గరే ఆగిపోయింది.

బల్ల మీద ఇనుప స్టాండు. స్టాండుకి ఆ దూది చొక్కా. దాని మీద సగం కుట్టిన కోటు. మాస్టరు దాని చుట్టూ తిరుగుతున్నాడు.

మేడమ్ దగ్గరకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గొంతు నిజంగానే ప్రేమగా ఉంది. "ఇక నువ్వు పొద్దస్తమానం నిలబడక్కర్లేదు. పాపం కళ్లు తిరుగుతున్నాయంట కదా. ఆ చివర దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చో. హాయి."

"పర్మనెంటు మేడమ్?"

"ఇచ్చేదాన్నే. కానీ నువ్వు చేసే పనే ఇప్పుడు లేదు కదా, ఏమని రాయను? దారాల పనికి అందరూ టెంపరరీయే. చూద్దాంలే, క్రమశిక్షణ ఉన్నదానివి." అని, పేర్లు చదవడానికి వెళ్లింది. కాజాల వదిన పేరుంది. మూడు పూటలా మంచినీళ్లు తాగిన కాజాల వదిన తన పేరు విని సంతోషించబోయి, ఇటు చూసి, నోరు మూసుకుంది.

దారాలు కత్తిరించడానికి చిన్న కత్తెర ఇచ్చారు. కోటు తిప్పి చూడాలి, కుట్టు చివర వేలాడే పోగు పట్టుకోవాలి, కత్తిరించాలి, పక్కన పడెయ్యాలి. కూర్చునే పని. యాప్‌లో కొట్టింది ఇప్పుడు నిజమైంది. ఆమె సంచీలోంచి ఫోన్ తీసి ఆ యాప్‌ని తీసేద్దామనుకుంది. ఎలా తియ్యాలో తెలియలేదు. ఆడపడుచుని అడగాలి. ఫోన్ మళ్లీ లోపల పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక మాస్టరు ఆ చివరికి వచ్చాడు. చేతి మీద ఒక గౌను. కొత్త రకం. ఆమె ఎదురుగా నిలబడి, ఎటో చూస్తూ మాట్లాడాడు.

"బొమ్మా. ఒక్కసారి ఇది తొడుక్కుని చూడవా? చంక ఎలా ఉందో తెలియట్లేదు. ఆ దూది మీద అన్నీ బానే ఉంటాయి. ఎంత బిగించినా బానే ఉంటుంది."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. పెట్టెలు వెనక్కొచ్చిన రోజు ఆయన మేడమ్‌కి చెప్పిన మాట ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఆ మాట ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. గౌను తీసుకుని బట్టల మీదనుంచే తొడుక్కుంది. ఎవరో పెద్దావిడ ఈ గౌను వేసుకుని మెట్లెక్కుతుంది, పై అరలో డబ్బా అందుకుంటుంది. ఆ ఊహతో బొమ్మక్క చేతులు పైకెత్తింది. ముందుకి వంగింది. కుర్చీలో కూర్చుని లేచింది. కళ్లు మూసుకుని, ఒళ్లంతా చెవులు చేసుకుని చూసింది. గౌను దాని దారిన అది ఊగింది. ఆమె దాని మధ్యలో, గంటలో నాలుకలా, ఎక్కడో ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు మాస్టరు.

"ఎక్కడా తగలట్లేదు మాస్టరూ."

"సరిగ్గా చూడు. చంక దగ్గర చూడు. నీకు తెలియకపోవడమేంటి?"

"చూశాను. ఎక్కడా తగలట్లేదు. నేనేం చెప్పను?"

విప్పి, మడత పడకుండా చేతికిచ్చింది. ఆయన దాన్ని చేతి మీద వేసుకున్నాడు. ఆమె గుట్టలోంచి ఇంకో కోటు లాక్కుని, దారం చివర వెతుక్కుంది.

మాస్టరు తన బల్ల దగ్గరకి వెళ్లి, గౌను స్టాండుకి తొడిగి, నోట్లోంచి ఒక సూది తీసి, చంక దగ్గర అంచనాగా గుచ్చాడు.

దూది ఏమీ అనలేదు.